సుద్దగీతకి ఇవతల

ఇంటిపట్టున కూర్చుని చేసుకునే పనంటే అందరికీ లోకువే. "నీకేమ్మా, నీడపట్టున పని" అనేవాళ్ళు చేలో కాయ కోసి వచ్చే ఆడవాళ్ళు. నిజమే, నీడే. కానీ ఆ నీడలో నేను పడ్డ భయం వాళ్ళు ఎర్రటి ఎండలో కూడా పడి ఉండరు.

ఎనభైల్లో మాట ఇది. చిలకలూరిపేట శివార్లలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. మా ఆయన పత్తి మిల్లులో పనికి వెళ్ళేవారు. నేను వసారాలో కూర్చుని ఎండుమిరపకాయలకు ముచ్చికలు, అదే తొడిమలు, తీసేదాన్ని. వ్యాపారి తాలూకు మనిషి పొద్దున్నే బండి మీద ఒక బస్తా దింపి పోయేవాడు. సాయంత్రం అతను మళ్ళీ వచ్చేసరికి మంచి కాయ ఒక కుప్ప, తెల్లబడ్డ తాలుకాయ ఒక కుప్ప, గిల్లేసిన ముచ్చికలు ఒక కుప్పగా ఉండాలి. చదివింది పదో తరగతి, చేసేది ముచ్చికలు గిల్లడం అని నన్ను నేనే ఎగతాళి చేసుకునేదాన్ని. అయినా ఆ పనిలో నాకు చెయ్యి తిరిగింది. వీధిలో నా అంత జోరుగా గిల్లేవాళ్ళు లేరని కాస్త పొగరు కూడా ఉండేది.

భయమల్లా మా అమ్మాయి గురించే. దానికి పదకొండో నెల. కనపడిందల్లా పట్టుకుని, ఆ చేత్తోనే కళ్ళు నులుముకునే వయసు. నేను కూర్చునేదేమో కారం కుప్పల మధ్య.

అందుకని ఇంట్లోనే రెండు రాజ్యాలు చేశాను. వసారాకీ గదికీ మధ్య గడప ముందు సుద్దముక్కతో గీత గీశాను. గీతకి ఇవతల పని, అవతల పిల్ల. గడపకి అడ్డంగా ఒక చెక్క పెట్టాను. పిల్ల ఆ చెక్క పట్టుకుని నిలబడి నన్ను చూస్తూ ఆడుకునేది. మిల్లు సైరను మోగితే మొదలుపెట్టడం, మధ్యాహ్నం సైరనుకి ఆపి పిల్లకి అన్నం పెట్టడం, అది పడుకున్నాక మళ్ళీ కూర్చోవడం. గీత దాటాలంటే ముందు చేతులు కడుక్కోవాలి. మిరప ఘాటు నీళ్ళకి లొంగదు. ఆముదం రాసి గుడ్డతో తుడిచి, కుంకుడు నురుగుతో రుద్ది, ఆఖర్న మజ్జిగలో ముంచేదాన్ని. అప్పటికీ నమ్మకం చాలక, ఒక్కో వేలూ నాలిక చివర పెట్టి చూసుకునేదాన్ని. ఏ వేలైనా చురుక్కుమందా, మళ్ళీ ఆముదం దగ్గర్నుంచి మొదలు.

ఇంత జాగ్రత్త ఎవరు పడతారులే అనుకునేదాన్ని. ఆ అనుకోవడమే నా కొంప ముంచింది.

ఆ రోజు బస్తాలో తాలు ఎక్కువ, పని తెమలడం లేదు. ఎండకి ఘాటు లేచి తుమ్ములు వస్తుంటే కొంగు ముక్కుకి అడ్డం కట్టుకున్నాను. కాసేపటికి చెమట పట్టి ముడి జారేది. జారిన కొంగు ఒళ్ళోని కాయల మీద పడేది. తీసి మళ్ళీ కట్టుకునేదాన్ని. మధ్యాహ్నం దాటాక పిల్ల నిద్ర లేచి, చెక్క పట్టుకోబోయి బోర్లా పడి ఏడుపు అందుకుంది. గుండె లాగేస్తున్నా నేను పరిగెత్తలేదు. ఆముదం, కుంకుళ్ళు, మజ్జిగ. పది వేళ్ళూ నాలిక మీద పెట్టి చూసుకున్నాను. ఒక్కటీ మండలేదు. అప్పుడే గీత దాటి దాన్ని ఎత్తుకున్నాను.

ముఖమంతా కన్నీళ్ళు, చీమిడి. ఏ తల్లయినా ఏం చేస్తుంది? నేనూ అదే చేశాను. కొంగుతో కళ్ళు తుడిచాను.

ముందు దాని నోట శబ్దం రాలేదు. ముఖం కందిపోయి, ఊపిరి బిగబట్టింది. తర్వాత పెట్టిన కేకకి పక్కింటి అక్క ఉలిక్కిపడి సూది కింద పడేసుకుందట. నాకేమీ అర్థం కాలేదు. చేతులు శుభ్రంగానే ఉన్నాయి కదా అని వాటినే చూసుకుంటున్నాను. ఊరుకోబెట్టాలని గుండెకి హత్తుకున్నాను. హత్తుకున్నకొద్దీ ఇంకా గిలగిల్లాడింది. ఆ గుండె మీదే కదా కొంగు ఉంది.

అక్క వాళ్ళు దూదేకులవాళ్ళు. ఆమె కూడా ఇంట్లోనే బొంతలు కుట్టేది. జుట్టు నిండా పత్తి నూగుతో పరిగెత్తుకొచ్చి నన్ను ఒక్క చూపు చూసింది.

"పిల్లనిటివ్వు. నువ్వు దూరం జరుగు."

"చేతులు కడుక్కున్నానక్కా."

"చేతులు కాదు. నీ ఒళ్ళంతా కారమే."

పిల్లని నా చేతుల్లోంచి లాక్కుని, కుండలో నీళ్ళు తీసి దాని కళ్ళ మీద ధారగా పోస్తూ కూర్చుంది. నేను మూడడుగుల దూరంలో చేతులు చాపి అలాగే నిలబడ్డాను. నా బిడ్డని ముట్టుకుంటే నా బిడ్డకే ప్రమాదం. ఆ మాట తలకెక్కాక ఇంకో అడుగు వెనక్కి వేశాను.

"కళ్ళు తెరవడం లేదక్కా."

"తెరుస్తుందిలే" అంది గానీ, నీళ్ళ ధార మాత్రం ఆపలేదు.

డాక్టరు గారి దగ్గరికి అక్కే పిల్లని భుజాన వేసుకుని నడిచింది. చీర మార్చుకునే వ్యవధి లేదు. పది అడుగులు వెనక, పరాయిదానిలా నేను. గాలి నా వైపు నుంచి వీస్తుందేమోనని రోడ్డుకి అవతలి పక్కకి మారాను. పిల్ల తల ఆవిడ భుజం మీంచి నా వైపే తిరిగి ఉంది. రెప్పలు మాత్రం వాచి మూసుకుపోయి ఉన్నాయి.

డాక్టరు గారు పిల్ల కళ్ళు కడిగి, మందు పెట్టి, దూది కట్టు కట్టారు. "నల్లగుడ్డు బాగా నలిగిందమ్మా. పుండు పడిందో లేదో రేపు చూస్తేగానీ చెప్పలేను" అన్నారు. కబురు తెలిసి మిల్లు నుంచి వచ్చిన మా ఆయన పిల్లని అక్క చేతుల్లోంచి అందుకుని ఇంటికి నడిచారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రాత్రి గురించి నేను రాయను. తెల్లారి రెండుసార్లు తలంటుకుని, పెట్టె అడుగునున్న ఉతికిన చీర తీసి కట్టుకుని వెళ్ళాను. అయినా పిల్ల ఇంకా పక్కింటి అక్క ఒళ్ళోనే. డాక్టరు గారు దూది తీశారు. కుడి కన్ను కాస్త విచ్చుకుంది, తర్వాత ఎడమది. రెండూ రక్తపు ముద్దల్లా ఉన్నాయి. టార్చిలైటు అటూ ఇటూ తిప్పితే కళ్ళు దాని వెంట తిరిగాయి.

"చూపుకేం భయం లేదమ్మా" అన్నారు.

అప్పుడు పిల్ల నన్ను చూసింది. రెండు చేతులూ చాపి, ముందుకి వాలి, నా కొంగు అందుకోబోయింది. అది ఉతికిన చీరే అని నాకు తెలుసు. తెలిసి కూడా కొంగు వెనక్కి లాక్కున్నాను. అది బిక్కమొహం వేసింది.

తర్వాత కూడా రెండేళ్ళు అదే వసారాలో అదే పని చేశాను. పని చీర వేరుగా మేకుకి వేలాడేది, గీత దాటే ముందు అదీ మార్చుకునేదాన్ని. పిల్ల ముఖం తుడవడానికి పాత పంచె చింపి ముక్కలు చేసి, ఉడకబెట్టి, మడతలు పెట్టి ఉంచాను. కొంగుతో మాత్రం దాన్ని మళ్ళీ తుడవలేదు. చెయ్యి అటు వెళ్ళేది, భయం వెనక్కి లాగేది.

దానికి ఆ రోజు సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఏమని చెప్పను?

ఏళ్ళు గడిచి డిగ్రీకి వచ్చాక, ఒకసారి పరీక్ష తప్పి మా అమ్మాయి మంచం మీద కూర్చుని ఏడుస్తోంది. నేను అలవాటుగా మడత గుడ్డ తెచ్చి చేతికిచ్చాను. అది తీసుకోలేదు.

"అందరి అమ్మలూ దగ్గర కూర్చుని కొంగుతో తుడుస్తారు. నువ్వేమో గుడ్డ తెచ్చి ఇస్తావు. నన్ను ముట్టుకోవడానికి నీకెందుకమ్మా అంత ఇది?" అంది.

అప్పటికి ముచ్చికల పని మానేసి పదిహేనేళ్ళ పైమాటే. అయినా నా వేళ్ళు ముందు నాలిక మీదకే వెళ్ళాయి. అది చూస్తుండగానే ఒక్కొక్కటే పెట్టి చూసుకున్నాను. పదీ చప్పగానే ఉన్నాయి. అప్పుడు దాని పక్కన కూర్చుని, కొంగు నడుముకి దోపుకుని, వట్టి చేత్తో దాని కళ్ళు తుడిచాను.