క్లాసుకు పోతే చెరిగిపోతాదన్నాను

ఐదేళ్ళుగా ఒక మాట నా లోపల బరువుగా ఉండిపోయింది. బండి మీద ఎన్ని మూటలు పడినా లెక్కచేయనివాణ్ణి, ఈ ఒక్కదాన్ని దించుకోలేకపోయాను. ఇంట్లో చెప్పలేదు. గుళ్ళో చెప్పుకుందామని పోయి, కొబ్బరికాయ కొట్టి ఊరికే వచ్చేశాను. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

ఓబులేసు, నేను ఒకే షావుకారు టెంపోకు డ్రైవర్లం. ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లో పట్టుగూళ్ళ మూటలు ఎక్కించుకుని పొద్దున్నే హిందూపురం మార్కెట్టుకు చేర్చాలి. ఆలస్యమైతే గూళ్ళు ఆరి తూకం తగ్గుతుంది, రైతు మొహం మాడిపోతుంది. పెనుకొండ దాకా ఒకరు, అక్కణ్ణుంచి ఇంకొకరు తోలడం మా వాడుక. సీటు మారే చోట టీ అంగడిలో వన్ బై టూ చెప్పేవాళ్ళం. ఒక టీ, రెండు గ్లాసులు. ఎక్కువ పడిన గ్లాసును ఓబులేసు ఎప్పుడూ నా వైపే జరిపేవాడు. అతనికి ఒకటే కోరిక, ఎప్పటికైనా బస్సు తోలాలని. ఎదురుగా బస్సు వస్తే మాట మధ్యలో ఆపి దాన్నే చూసేవాడు.

ఐదేళ్ళ కిందట ఒక పొద్దు పెనుకొండలో సీటు మారలేదు. మూటలన్నీ తానే ఎత్తి, ఓబులేసు అలసిపోయి పక్కసీట్లో నిద్రపోతున్నాడు. లేపబుద్ధి కాలేదు. అంతవరకు నాది మంచితనమే. పెనుకొండ దాటాక షావుకారు ఫోను చేశాడు. చెవికి పెట్టుకుని తోలుతుండగా, మలుపులో ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తాడు. బండి కొంచెం ముందుకు పోయి ఆగింది. ఇద్దరం దిగాం. అంతకుముందే ఒకసారి ఫోను కేసులో నా లైసెన్సు మూడు నెలలు ఆపేసి, రెండు రోజులు డ్రైవర్ల క్లాసులో కూర్చోబెట్టారు. ఇంకోసారి దొరికితే పూర్తిగా పోతుందని భయం. పోలీసు నడిచి వచ్చేలోపల ఓబులేసు చెయ్యి పట్టుకున్నాను.

“నువ్వు తోలినావని చెప్పబ్బా. నాది పోతే పిల్లోళ్ళు పస్తులుంటారు.”

“నాకు మచ్చ పడతాదేమోప్పా. రేపు బస్సుకు పోతే చూస్తారు కదా.”

“క్లాసు పెడతారు. రెండు దినాలు పోయి కూర్చుంటే అంతా చెరిగిపోతాది. నా మచ్చ పోలేదా?”

నా మొహంలోకి చూశాడు. “నువ్వు చెప్తాండావు కదా, సరే” అన్నాడు. పోలీసు వైపు తిరిగి, “నేనే సార్ తోల్తాండింది” అన్నాడు.

నా మచ్చ పోలేదు. ఆ సంగతి నాకు తెలుసు. నేను కూర్చున్న క్లాసులో పాఠం చెప్పిన పెద్దాయన తేటగా చెప్పాడు, క్లాసుకు వస్తే లైసెన్సు కార్డు తిరిగి చేతికిస్తారు, కంప్యూటర్లో ఎక్కింది మాత్రం అట్లాగే ఉంటుందని. అడిగిందే నేను. భయంలో నోరుజారానా? భయమైతే సాయంత్రానికి తగ్గాలి. ఓబులేసు లైసెన్సు ఆగిన మూడు నెలలూ నేనొక్కణ్ణే తోలుతూ, ఖాళీ పక్కసీటును రోజూ చూస్తూ, ఒక్కరోజు కూడా పోయి నిజం చెప్పలేదంటే దాన్ని ఏమనాలి? అతనేమో ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొత్త నోటుబుక్కు కొనుక్కుని క్లాసుకు పోయాడు.

మరుసటి ఏడు బెంగళూరు వైపు ఒక ఫ్యాక్టరీ బస్సుకు డ్రైవర్లు కావాలన్నారు. క్లాసులో ఇచ్చిన సర్టిఫికెట్టుకు లామినేషన్ చేయించుకుని మరీ పోయాడు. వాళ్ళు కంప్యూటర్లో చూసి వెనక్కి పంపారు. వచ్చి, తన నుదుటి రాతే బాగాలేదన్నాడు. నేను అవునన్నాను. చూడండి, అవునన్నాను. తర్వాత టెంపో కూడా మానేసి, ఆమడగూరు దగ్గర అత్తగారి పల్లెలో గొర్రెలు పెట్టుకున్నాడు.

ఇప్పటికీ పెనుకొండలో బండి ఆపుతాను. ఫుల్ టీ ఇస్తారు. సగం దాటి తాగలేను. ఓబులేసు కావాలనిపిస్తుంది. అతని గురక కూడా కావాలనిపిస్తుంది. బస్సు ఎదురైతే పక్కకు తిరిగి చూస్తాను, ఎవరూ ఉండరు. చేతులారా పోగొట్టుకున్నవాడికి ఇంత ఆశ ఎందుకు? చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు. మరి ఏమీ చేయనివాడికి?

పోయిన వారం అతనే ఫోను చేశాడు. గొర్రెలు అమ్మేశాడట. మళ్ళీ బస్సుకు ప్రయత్నం చేస్తాడట. “ఇంకోసారి క్లాసుకు పోయి కూర్చుంటే ఆ మచ్చ పోతాదేమోప్పా? ఇట్లాంటివి నీకే బాగా తెలుసు” అన్నాడు. కనుక్కుని చెప్తానన్నాను.

కనుక్కోవలసింది ఏమీ లేదు. పోదని ఆ రోజే తెలుసు. తెలిసే చెప్పాను. ఇదిగో, రాసేశాను. గుండె కొంచెం తేలికైంది, అబద్ధమెందుకు. కానీ తేలికైంది నాకు మాత్రమే. ఓబులేసు ఇంకా నా ఫోను కోసం చూస్తూ ఉంటాడు.