గోరాసాబ్ చెప్పని అబద్ధం

మూడేళ్లుగా ఒక్క మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. జాలి పడకండి. నా మీద నాకున్న కోపంలో మీరూ కొంత పంచుకోండి, చాలు.

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక కంపెనీకి నేను టైమ్‌కీపర్‌ని. కరోనా తగ్గాక, కూలీల్లో హుషారు తెప్పించాలని క్యాంపు మెస్ హాల్లో క్విజ్ పోటీ పెట్టారు. నడపడానికి ఒక ఇంగ్లీషాయన్ని పిలిచారు. కూలీలు ఆయన్ని గోరాసాబ్ అనేవారు. వాళ్ల దేశంలో పందొమ్మిదేళ్లు టీవీలో గేమ్ షో నడిపిన మనిషి. బస్ కండక్టర్ కొడుకట. కుర్రతనంలో సముద్రపు ఒడ్డు క్లబ్బుల్లో తంబోలా అంకెలు పిలిచేవాడట. పేరొచ్చింది, జనం చుట్టుముట్టారు, తర్వాత ఛానెల్ వాళ్లు ఇంకో కుర్రవాణ్ని పెట్టుకున్నారు. భార్య పోయాక, దుబాయ్‌లో టీచరుగా ఉన్న కూతురి దగ్గరకొచ్చి కంపెనీల ఫంక్షన్లకు మైకు పట్టుకుంటున్నాడు.

నేను ఆయనకు తెలుగు దుబాసీని. పోటీకి ముందు ప్రతి పేరునూ నా చేత పలికించుకుని నేర్చుకున్నాడు. మల్లేష్ అనే పేరును పదిసార్లు. మా ముదీర్, అదే మేనేజర్‌కు ఆ పేర్లే తెలియవు. ఆయనకు మేం నంబర్లం.

మల్లేష్‌ది మెట్‌పల్లి దగ్గర పల్లె. బిడ్డ పుట్టాక ఊరికి పోనేలేదు. గెలిచినవాడికి రెండు నెలల సెలవు, రానుపోను టికెట్.

మల్లేష్ ఆఖరి ప్రశ్న దాకా వచ్చాడు. అది అడిగే ముందు క్యాంప్ బాస్ నన్ను పక్కకు లాగాడు. మెస్ పప్పులో పురుగులు తేలుతుంటే వీడియో తీసి అందరికీ పంపింది మల్లేషే.

"వాడు గెలిస్తే రేపు అందరూ వీడియోలు తీస్తరు. నీకు ఏసీల కుర్చీ కావాల్నా, మళ్ల సైటుకు పోతవా? యల్లా, పో."

నేను ఆలోచించానా? చాలా నలిగిపోయానని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఒక్క క్షణం కూడా పట్టలేదు.

సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరి గ్రహం ఏది? మైకు నా చేతిలోనే ఉంది. "బుధుడు" అన్నాడు మల్లేష్ నాకు మాత్రమే వినబడేలా. "వీనస్" అన్నాను నేను. అంటే శుక్రుడు. ఆ ఇంగ్లీషు పేరు మల్లేష్‌కు తెలియదు.

తెర మీద సరైన జవాబు హిందీలో కూడా పడింది, బుధ్ అని. మల్లేష్ ఎగిరిపడ్డాడు.

"నేను గదే చెప్పిన సార్! బుధుడనే చెప్పిన!"

హాలంతా లేచింది. గోరాసాబ్ ఆట ఆపి నా వైపు తిరిగాడు. "అతను ముందు ఏమన్నాడు? తప్పు జరిగితే ఇప్పుడే సరిచేస్తాను" అన్నాడు ఇంగ్లీషులో.

"శుక్రుడన్నాడు సార్. తెర చూసి మాట మార్చాడు."

నమ్మాడు. ఎందుకు నమ్మావయ్యా? పందొమ్మిదేళ్లు ఎంతమంది మొహాలు చదివావు, నా మొహం చదవలేకపోయావా? ఆయన మీద కూడా నాకింత కోపం, చూడండి ఎంత సిగ్గుమాలినవాణ్నో. నా భుజం మీద చెయ్యి వేసి, "తీర్పు నాది, ఇతన్నేమీ అనకండి" అని మైకులో చెప్పాడు.

"గోరాసాబ్ దొంగ" అంటూ వీడియో అబుదాబిలోని ముసఫ్ఫా క్యాంపుల దాకా పాకింది. మా కంపెనీవాళ్లూ తప్పు ఆయనదేనన్నారు. తర్వాత ఆయన్ని ఎవరూ పిలవలేదు. ఇంగ్లండు వెళ్లిపోయే ముందు నాకు ఫోన్ చేసి, నా ఉద్యోగానికి ఇబ్బందేమీ రాలేదు కదా అని అడిగాడు. లేదు సార్, అన్నాను. ఆ ఏసీ గదిలోనే కూర్చుని.

మల్లేష్ ఇంకో ఏడాదిన్నరకు గానీ ఊరికి పోలేదు. బిడ్డ అతన్ని చూసి తల్లి వెనక దాక్కుందట.

క్యాంప్ బాస్‌ను ఎన్నిసార్లు తిట్టుకున్నానో. బెదిరించింది వాడే. కానీ నాలుక వాడిదా?

పోయిన వారం మల్లేష్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"గా ముసలాయనకు చెప్పినవా?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నవ్? నా బిడ్డను చూడని ఏడాదిన్నర తిరిగొస్తదా?"

ఫోన్ పెట్టేశాడు.

ఆ రోజే గోరాసాబ్‌కు మెయిల్ రాశాను. క్షమించమని అడగలేదు. మల్లేష్ సరిగ్గానే చెప్పాడు, నేను మార్చాను, అని మాత్రం రాశాను. జవాబు రాలేదు. రాకపోవచ్చు. అయినా ఆ మాట ఇప్పుడు నా ఒక్కడి దగ్గరే లేదు.