ఎండలో వదిలేసిన రక్తం

పన్నెండేళ్లుగా ఈ మాట నాలోనే దాచుకున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను సముద్రం అవతలి దీవి నగరం సువా దగ్గర ఒక పశు పరిశోధనశాలలో సహాయకుణ్ణి. వానలకు కడుపులో నట్టపురుగులు పట్టి అందరి మేకలూ చస్తుంటే, రాకిరాకి అనే ఊళ్లో మేమంతా కాకా అని పిలిచే ముసలాయన మేకలు మాత్రం మందు లేకుండానే తట్టుకునేవి. నలభై ఏళ్లు ఏరి ఏరి పెంచిన మంద అది. నట్టలు పట్టినప్పుడు వాటి ఒంట్లో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో తేల్చాలని, రక్తం తెమ్మని నన్ను పంపారు. తీసిన వెంటనే దాన్ని చెడకుండా ఉంచే మందులో కలిపి ఐసులో పెట్టాలి. లేకపోతే పరీక్షకు పనికిరాదు. నాకు తెలియదా? బాగా తెలుసు.

రక్తం తీశాను. ఐసుపెట్టె రోడ్డు మీద బండిలో ఉంది. కాకా చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. తాతల కాలంలో చెరకు తోటల కూలికి ఓడెక్కి వచ్చిన కుటుంబం ఆయనది, ఆ చుట్టుపక్కల ఆయనతో తెలుగు మాట్లాడేవాళ్లే మిగల్లేదట. యంగోనా వేరు పొడిని నీళ్లలో కలిపి, కాస్త మత్తెక్కించే ఆ పానీయాన్ని కొబ్బరిచిప్పతో అందించాడు. గిన్నె ఖాళీ కాకుండా లేస్తే పెద్దాయన్ని చిన్నబుచ్చినట్టవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గానీ, నిజం చెప్పొద్దూ, హాయిగా ఉంది, కదలబుద్ధి కాలేదు. లేచి చూసేసరికి రక్తం గొట్టాలు అరుగు మీద ఎండలో కాలిపోతున్నాయి.

మళ్లీ తీస్తానని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎందుకనలేదు? సిగ్గు. పాడు సిగ్గు. మర్నాడు మా కేంద్రంలోని మేకల రక్తం తీసి, గొట్టాల మీద కాకా మేకల నంబర్లు రాశాను.

వాటిలో ప్రత్యేకత ఏమీ లేదని ఫలితం వచ్చింది. ఆ కాగితం ఆయనకు చదివి వినిపించింది కూడా నేనే. కాకా తన మేకపోతును కోతకు అమ్మేసి, మా కేంద్రం ఇచ్చిన పోతును మందలోకి వదిలాడు. రెండో ఏడు వానలకు దాని పిల్లలన్నీ నట్టలతో పోయాయి.

చెప్పేద్దామనే వెళ్లాను. ఆయనే ముందు నోరు తెరిచాడు.

"నలభై సాల్ మా మేకల్లో ఏదో ఉందనుకున్న, బేటా. పాగల్ నేను. నువ్వే ఠీక్ చెప్పినావు."

"పోనీలే కాకా" అన్నాను. ఛీ! ఆ మాట ఎలా వచ్చింది నా నోట?

కళ్లారా చూసినదాన్ని వదిలేసి నా కాగితాన్ని నమ్మాడాయన. తాను పిచ్చివాడినని నమ్ముతూనే పోయాడు. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ హక్కున్న మనిషి ఇప్పుడు లేడు. ఆయనకు చెప్పాల్సిన వాక్యం ఒక్కటే. ఇక్కడ రాస్తున్నాను.

కాకా, నీ మేకల రక్తాన్ని మేం అసలు పరీక్షించనే లేదు.