సైదయ్య చుట్ట, రోహిణి ఎండ

రోహిణి కార్తె మొదటి వారంలో బాల్యా మిర్యాలగూడ వచ్చి సైదయ్య ముందు ఏడు చుట్టలు పెట్టాడు. ఏడూ సగం కాలినవే. వాటిని పాత పేపరు ముక్కలో చుట్టి, పైన దారం కట్టి, మందుల షాపువాడు మాత్రలు కట్టినంత జాగ్రత్తగా తెచ్చాడు.

సైదయ్య నలభై నాలుగేళ్లుగా చుట్టలు చుడుతున్నాడు. ఇన్నేళ్లలో ఆయన చుట్ట కాల్చినవాళ్లు దగ్గారు, ఉమ్మేశారు, మానేశామని ఒట్టు పెట్టుకుని నెల తిరక్కుండా మళ్లీ వచ్చారు. తిరిగి తెచ్చి ఇచ్చినవాడు మాత్రం లేడు.

బాల్యాది మాడుగులపల్లి దగ్గర తండా. అరవై దాటినవాడు. నాలుగెకరాల వరి, ఒక బోరు, వారానికొక కట్ట చుట్టలు. గొడవ పెట్టుకునే మనిషి కాదు. కూర్చుని మంచినీళ్లు తాగి సంగతి చెప్పాడు. ముట్టించగానే పై ఆకు టపటపమని పగులుతోంది. నిప్పు ఒక పక్కనే పాకుతూ పోతోంది. రెండో పక్క ఎంత పీల్చినా అంటుకోదు, సగానికొచ్చి ఆరిపోతుంది. పొలం దగ్గర చుట్ట కాల్చడానికి వెళ్లి అగ్గిపెట్టె కాల్చి వస్తున్నాడు.

"ఆకు బాగనే ఉన్నది అన్నా. చెయ్యి పోయింది నీది," అన్నాడు చివరికి. తిట్టినట్టు కాదు, బోరులో నీళ్లు తగ్గాయని చెప్పినట్టు అన్నాడు.

సైదయ్య "సూస్త" అన్నాడు. 

చెయ్యి బాగానే ఉందని అనకపోవడానికి కారణం ఉంది. రెండేళ్లుగా ఆయన కుడి చేతి చిటికెన వేలు పొద్దెక్కేకొద్దీ తిమ్మిరెక్కుతోంది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. చెయ్యి పోయిన రోజున చుట్టే పలక అటక మీదికి ఎక్కించాలని ఆయన ఎప్పుడో తీర్మానించుకున్నాడు. ఆ రోజు వచ్చిందా రాలేదా అన్నది ఇప్పుడు తేలాలి.

ఆయనకు ఈ పని ఎవరూ నేర్పలేదు. ఇరవై ఏళ్లప్పుడు, బస్టాండు దగ్గర చుట్టలు చుట్టే ముసలాయన పక్కన కూర్చుంటే, ఆయన పలకను అటువైపు తిప్పుకునేవాడు. సైదయ్య ఆయన దగ్గరే ఒక చుట్ట కొని, కాల్చకుండా ఇంటికి తెచ్చి, గడియారం విప్పినట్టు పొర పొరగా విప్పాడు. మళ్లీ చుట్టాడు. మళ్లీ విప్పాడు. అది పొడి అయ్యాక ఇంకొకటి కొన్నాడు. ఈ పిల్లాడు ఇంతలా కాలిస్తే ముప్పై దాటడని ముసలాయన నలుగురితో అనేవాడట.

అసలు సైదయ్య చుట్ట నోట పెట్టి పదకొండేళ్లయింది. దవాఖానలో మానమన్నారు, మానేశాడు. అప్పటినుంచి తన చుట్ట ఎలా ఉందో ఎదుటివాడి నుసి చూసి తెలుసుకుంటున్నాడు. నుసి తెల్లగా, బొటనవేలంత పొడుగు రాలకుండా నిలిస్తే బాగున్నట్టు. మనుషుల మాట కంటే నుసి మాట నిజమని ఆయన అభిప్రాయం.

బాల్యా వెళ్లాక ఆ ఏడింటినీ బ్లేడుతో నిలువునా కోశాడు. పొరలు సమంగానే ఉన్నాయి. కానీ లోపలి ఆకు నల్లగా, మెత్తగా వేలికి అంటుకుంటోంది. పై ఆకు ఉల్లిపొట్టులా గలగలమంటోంది. ఒకే చుట్టలో లోపల వానాకాలం, బయట ఎండాకాలం ఉన్నాయి. ఇలాంటిది ఆయన చూడలేదు.

తప్పు ఆకుదేమోనని మర్నాడు పొద్దున్నే బస్సెక్కి కోదాడ వెళ్లాడు. అక్కడ జగదీష్ అనే వ్యాపారి దగ్గర ఇరవై ఏళ్లుగా ఆకు కొంటున్నాడు. జగదీష్ ఆకును వెలుతురుకు పెట్టి చూశాడు, వాసన చూశాడు, ఈనె విరిచి చూశాడు. ఇదే సరుకు హుజూర్‌నగర్‌కూ మేళ్లచెరువుకూ పోయిందనీ, లారీలవాళ్లు నడి ఎండలో కాలుస్తున్నా ఎవరి దగ్గర్నుంచీ మాట రాలేదనీ చెప్పాడు. తర్వాత టీ తెప్పించి, గొంతు తగ్గించాడు.

"అరవై నాలుగొచ్చాయి కదండీ మీకు. ఇంకా ఎందుకండీ ఆ కష్టం? చుట్టినవే దొరుకుతున్నాయి మా దగ్గర. తీసుకెళ్లి అమ్ముకోండి, కాలు మీద కాలేసుకుని."

జగదీష్ మంచి మనసుతోనే అన్నాడు. సైదయ్య టీ తాగి వచ్చేశాడు. దారంతా కుడి చెయ్యి జేబులోనే ఉంచుకున్నాడు.

ఇద్దరూ ఒకటే మాట అన్నారు. అయినా ఇద్దరూ చెప్పింది నోటితో. చుట్ట ఎక్కడ కాలుతుందో అక్కడ నిలబడి చూడాలనుకున్నాడు సైదయ్య. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా అయిదారు చుట్టలు రేకు డబ్బాలో దాచి ఉంచడం ఆయనకు అలవాటు. మాఘమాసంలో చుట్టినవి కొన్ని, మొన్న చుట్టినవి కొన్ని తీసుకుని తండాకు వెళ్లాడు.

బాల్యా ఇంట్లో చుట్ట కాల్చడు. భార్య ఊరుకోదు. అందుకని బోరు గది దగ్గరే కాలుస్తాడు. యాసంగి కోతలైపోయి చేలన్నీ బోసిగా ఉన్నాయి. మధ్యాహ్నం రెండు గంటలకు ఆ గోడకు జానెడు నీడ మాత్రమే ఉంది. ఇద్దరూ ఆ జానెడులోనే వీపులు ఆనించి కూర్చున్నారు. వడగాలి పొయ్యి ఊదినట్టు కొడుతోంది.

ముందు మాఘంలో చుట్టినది ఇచ్చాడు. కాస్త తొందరగా కాలింది, ఘాటెక్కువైందని బాల్యా నాలుక చప్పరించాడు. కానీ నిప్పు తిన్నగా దిగింది. తర్వాత మొన్నటిది. రెండు దమ్ములకే పై ఆకు పగిలి చీలింది. గాలి ఆ చీలికలోంచి దూరి, నిప్పు ఒక పక్కకు వాలిపోయింది. సైదయ్య మోకాళ్ల మీద వంగి, జానెడు దూరంలోంచి చూస్తున్నాడు.

"నా మొఖంల ఏం దొరుకుతది అన్నా?" అన్నాడు బాల్యా.

"మొఖం కాదు, నుసి సూస్తున్న. మాట్లాడకు, రాలుతది."

మూడోది బోరు గది లోపల ముట్టించమన్నాడు. లోపల పైపు కారి నేలంతా తడిగా, చల్లగా ఉంది. అక్కడ పై ఆకు పగల్లేదు. కానీ చుట్ట అలిగినట్టు పొగ ఇవ్వకుండా ఆరిపోయింది. నాలుగోదాన్ని ముట్టించకుండానే అరగంట ఎండలో బండ మీద ఉంచి, కోసి చూశాడు. పైన గలగల, లోపల జిగట.

ఇక అర్థమైంది. చుట్టలోనే నీళ్లు ఎక్కువున్నాయి. నీడన ఉంటే అవి నిప్పును ఆర్పుతున్నాయి. ఎండన పడితే పై ఆకు ఒక్కసారిగా ఎండి ముడుచుకుంటోంది, లోపలిది ముడుచుకోవడం లేదు. ఇరుకు చొక్కా తొడిగినట్టు పైది పిగిలిపోతోంది.

తప్పు ఎక్కడుందో తెలిసింది, ఎవరిదో తెలియలేదు. మాఘంలో చుట్టిన చెయ్యి, మొన్న చుట్టిన చెయ్యి ఒకటే. అయితే నాలుగు నెలల్లో చెయ్యి పోకూడదని ఏమీ లేదు. నీళ్లు చల్లేదీ ఆ చెయ్యే. ఆకు మెత్తబడటానికి మూడు చారెడు నీళ్లు, పైన తడి గోనె, ఒక గంట. నలభై నాలుగేళ్లుగా ఇదే లెక్క. లెక్క మర్చిపోతున్నానేమోనని కొత్త భయం పట్టుకుంది. చిటికెన వేలికి తోడు ఇప్పుడు బుర్ర కూడా వచ్చి చేరింది.

మర్నాడు పొద్దున పలక ముందు కూర్చుని, నీళ్లు చల్లబోతూ ఆగాడు. బుట్టలోంచి ఒక ఆకు తీసి వంచాడు. రోహిణిలో పొడి ఆకు అప్పడంలా విరగాలి. అది తమలపాకులా వంగింది. ఇంకోటి తీశాడు. అదీ వంగింది. సైదయ్య తలెత్తి ఎదురుగా ఉన్న కూలరును చూశాడు.

ఆ పలక ఎప్పుడూ బయట రేకుల వరండాలో ఉండేది. పోయిన ఎండాకాలం ఆయన అక్కడే చుడుతూ చుడుతూ పక్కకు ఒరిగిపోయాడు. దవాఖానలో రెండు సెలైన్లు ఎక్కించారు. ఈసారి ఉగాది కాగానే కోడలు వందన పలకను నడింట్లోకి తెప్పించి, పెద్ద కూలరు కొనిపించి దాని ఎదురుగా వేయించింది. సైదయ్య వద్దనలేదు. చల్లగా ఉంది మరి. రోజంతా తడి గాలి ఆయనకు తగిలింది, ఆకుకూ తగిలింది. అలా తడి తాగిన ఆకు మీద మళ్లీ మూడు చారెడు నీళ్లు తప్పకుండా, లెక్క ప్రకారం చల్లుతూ వచ్చాడు.

ఆయనకు కోపం రాలేదు. ముందు నీళ్లు తగ్గించి చూశాడు, రెండు రోజులు. కుదరలేదు. పదింటికి కూలరులో నీళ్లు అయిపోతాయి, వందన పదకొండింటికి మళ్లీ నింపుతుంది. ఆ గంటలో ఆకు ఒకలా, తర్వాత ఇంకోలా ఉంటోంది. ఎండకు ఒక పద్ధతి ఉంది, వానకు ఒక పద్ధతి ఉంది. కూలరుకు లేదు.

మూడో రోజు పలక ఎత్తుకుని వరండాలోకి నడిచాడు. వందన వంటింట్లోంచి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"గాడ కూసుంటే మళ్ల పడిపోతవ్ మామా. పోయినేడు పడ్డది యాదికి లేదా?"

"పడ్డది నేను బిడ్డా. ఆకు పడలే."

"ఆకును దవాఖానకు తీస్కపోయేది లేదు. నిన్నే తీస్కపోవాలె, నేనే తీస్కపోవాలె. జర నా గురించి సుత ఆలోచించు."

ఈ మాట న్యాయంగా ఉంది. సైదయ్య పలక దించి గడపలో కూర్చున్నాడు. చాలాసేపు బేరం నడిచింది. చివరికి తెల్లవారుజామున అయిదింటి నుంచి తొమ్మిదింటి దాకా వరండాలో చుట్టాలనీ, తొమ్మిది కొట్టగానే లోపలికి రావాలనీ తేలింది. ఆకు బుట్టా, చుట్టినవి వేసే రేకు డబ్బా కూలరు గాలి సోకకుండా వరండాలోనే ఉంటాయి. రోజుకు ఎనభై చుట్టేవాడు, ఆ నాలుగు గంటల్లో నలభై దాటవు. వందనకు అదే కావాలి. సైదయ్య ఒప్పుకోవడానికి ఇంకో కారణం ఉంది, అది ఆమెకు చెప్పలేదు. వేలు తిమ్మిరెక్కేది కూడా తొమ్మిది దాటాకే.

అలా వరండాలో చుట్టి నీడన ఆరినవాటిలోంచి, ఏరకుండా, చేతికొచ్చిన పది చుట్టలు తీసుకుని మళ్లీ తండాకు వెళ్లాడు. ఏరితే పరీక్ష ఎలా అవుతుంది. ఒక్కడే పది కాల్చలేడు కాబట్టి బాల్యా తన ఇద్దరు తమ్ముళ్లను పిలిచాడు. ముగ్గురూ జానెడు నీడలో వరసగా గోడకు ఆనుకుని కూర్చుని కాల్చారు. సైదయ్య ఎండలో గొడుగు వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. దూరం నుంచి చూసినవాళ్లకు పంచాయితీ నడుస్తున్నట్టు ఉంటుంది.

పొద్దు వాలేదాకా సాగింది. గాలి కొడుతూనే ఉంది. ఒకదాని తర్వాత ఒకటి ఎనిమిదీ తిన్నగా దిగాయి. నుసి బొటనవేలంత నిలిచింది. తొమ్మిదోది చిన్న తమ్ముడి నోట్లో ఉండగా ఒక పక్కకు ఒరిగింది. అతను మొహమాటానికి చుట్టను అటు తిప్పి పట్టుకున్నాడు. సైదయ్య లేచి వెళ్లి, అడిగి తీసుకుని, ఆర్పి, కోశాడు. లోపల తడి లేదు. చివరి చుట్టు మాత్రం వెంట్రుకవాసి వదులుగా ఉంది. చిటికెన వేలు అదిమే చోట.

"ఇది చెయ్యి," అన్నాడు సైదయ్య.

బాల్యా వంగి చూసి, తిన్నగా కాలిన ఎనిమిది పీకల వైపు చెయ్యి చూపించాడు. "కడమయి?"

"కడమయి గూడ చెయ్యే."

పదోది తిన్నగానే కాలింది. అది అయిపోయేదాకా ఎవరూ లేవలేదు. బాల్యా నుసి దులుపుకుని, ఎల్లుండి తన మనవరాలి పుట్టెంట్రుకలు తీస్తున్నామని, నాలుగు తండాల మగవాళ్లు వస్తారని, వంద చుట్టలు కావాలని చెప్పాడు.

"నలభై ఇస్త," అన్నాడు సైదయ్య.

"వంద అంటున్న నేను."

"రేపు పొద్దుగాల తొమ్మిదింటి దాక నలభయే అయితయి. తొమ్మిది దాటినంక వేలు నా మాట ఇనదు. గట్ల సుట్టినయి నీకియ్య."

ఆ మాట ఆయన పైకి అనడం అదే మొదటిసారి. బాల్యా ఆ చేతి వంక చూశాడు. తమ్ముళ్లూ చూశారు. చూడటానికి అందులో ఏమీ లేదు. ఆకు మరకలున్న మామూలు చెయ్యి. బాల్యా కాసేపు వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు.

"సరే మరి," అన్నాడు, "నలభై మందినే పిలుస్త."