నేను ఆయన్ని తోసిన సాయంత్రం

నిరుడు మా ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమకాలు పట్టు తప్పింది. చెప్పకుండా మెల్లగా తోస్తుంటే కాలు దానంతటదే ముందుకు పడడం నేర్చుకుంటుందని, నడుముకు కట్టిన బెల్టు వదలొద్దని ఫిజియోథెరపీ మేడం నాకు నేర్పింది. మల్కాజ్‌గిరిలో మా వాకిట్లో రోజూ చేయించేదాన్ని.

ఒక సాయంత్రం తోయగానే ఆయన బాగా తూలారు. బెల్టు పట్టి ఆపాను. అప్పుడే గేటు తీసిన మా ఆడబిడ్డ, "ఏందొదినా, మా అన్నను గిట్ల నూకుతున్నవ్? సంపుతవా?" అని గల్లీ అంతా వినేలా అరిచింది. ఇరుగుపొరుగు పోగయ్యారు.

"జెర మీరన్న చెప్పుండ్రి," అన్నాను ఆయనతో. మాట బాగానే వచ్చే మనిషి, తల దించుకున్నారు.

తర్వాత అడిగితే, "అది అసలే కోపంల ఉండె, ఎందుకులే అనుకున్న," అన్నారు.

ఇప్పుడు ఆయన ఒక్కరే నడిచి చెల్లెలింటికి వెళ్లొస్తున్నారు. ఆ కాలు తిరిగొచ్చిందని నాకు సంతోషమే, కానీ ఆయన పక్కన నిలబడితే ఇప్పటికీ ఒంటరిగానే ఉంటుంది.