మొదటికి జరిపిన పట్టీ

పటాన్‌చెరులో వ్యవసాయ మోటార్లు తయారుచేసే ఫ్యాక్టరీలో, అమ్మకాల విభాగంలో నేను గుమాస్తాగా చేరింది డెబ్బైల మొదట్లో. మా నాన్న సంగారెడ్డి మిషన్ బడిలో టీచరు. ఇంట్లో లెక్క తప్పితే మొట్టికాయ పడేది. అందుకే కాబోలు, ఏడాది చివర అమ్మకాల చార్టు వేసే పని నా నెత్తిన పడింది.

ఇప్పటివాళ్లకు చెబితే నవ్వుతారు. రంగు కాగితాన్ని వేలెడు వెడల్పు పట్టీలుగా కత్తిరించేదాన్ని. మోటార్లు అమ్మే డిపోలు ఊరికొకటి ఉండేవి. డిపోకి రెండు పట్టీలు: పోయిన ఏడాదికి ఎరుపు, ఈ ఏడాదికి పచ్చ. ఎన్ని మోటార్లు అమ్మితే పట్టీ అంత పొడుగు. అన్నిటినీ బల్ల మీద పరిచి, పెద్దవి ఎడమవైపు వచ్చేలా అటూ ఇటూ జరిపి, వరస కుదిరాక గానీ మైదా జిగురు పూసేదాన్ని కాదు. ఎడమ చివర ఎప్పుడూ విజయవాడే. కుడి చివర, చిటికెనవేలంత పట్టీతో, మా సంగారెడ్డి.

ఆ సంగారెడ్డి డిపో మనిషి కోసం నేను వారమంతా శనివారం ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని. బేరింగులు తీసుకుపోవడానికి ఆ రోజే వచ్చేవాడు. హత్నూర వైపు రైతుల బావుల్లోకి దిగి, నీళ్లెంత లోతున్నాయో స్వయంగా చూశాకే మోటారు అమ్మేవాడు. పెద్దది అడిగినవాడికి చిన్నది చాలని చెప్పేవాడు. ఇలాంటివాడికి వ్యాపారం ఏం చేతనవుతుందని ఆఫీసంతా ఎగతాళి చేస్తుంటే నాకు ఒళ్లు మండేది. ఇష్టపడ్డాను, అంతే. ఆ మాట నేను చెప్పలేదు, ఆయనా అడగలేదు.

"ఏం మేడం, ఈ ఏడుగూడ మాది ఆఖర్నేనా?" అని నవ్వేవాడు.

"అమ్మితే గద ముందటికొచ్చేది!" అని విసుక్కునేదాన్ని. విసుక్కోకపోతే మొహంలో తెలిసిపోతుందని భయం.

ఒక ఏడాది మార్చిలో కబురు పొక్కింది. ఈసారి చార్టులో ఆఖరున ఉన్న డిపోను ఎత్తేస్తారట, మనిషిని ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పంపేస్తారట. పట్టీలు ఎన్నిసార్లు జరిపినా సంగారెడ్డి కుడి చివరే. దొంగ లెక్క వేయడం నా వల్ల కాదు. మూడు రోజులు సరిగ్గా తినలేదు. అప్పుడు తట్టింది. ఎన్ని అమ్మారన్నది కాకుండా, పోయిన ఏటి మీద ఎంత శాతం పెరిగిందన్నది చూస్తే? నలభై మోటార్లు అమ్మిన చోట అరవై అమ్మితే సగానికి సగం పెరిగినట్టే. వందలకొద్దీ అమ్మే విజయవాడకు అదే ఇరవై చెప్పుకోదగ్గదే కాదు. కొత్త పట్టీలు కత్తిరించాను. సంగారెడ్డి వచ్చి ఎడమ చివర కూర్చుంది. ఒక్క అంకె అబద్ధం లేదు. ఆ సాయంత్రం బస్సులో నాలో నేనే నవ్వుకుంటుంటే పక్క సీటామె అనుమానంగా చూసింది.

మా మేనేజరుగారిది గుంటూరు వైపు. చార్టు ముందు చాలాసేపు నిలబడ్డారు.

"భలే చూపించావమ్మా! అంత చిన్న డిపోను ఇంత లేపిన మనిషిని ఇక్కడ ఉంచడం దండగ. ఈ లెక్కన మన విజయవాడ డిపో పడకేసింది. అతన్ని అక్కడికి పంపిద్దాం" అన్నారు.

నా తెలివికి నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

విజయవాడ వెళ్లే ముందు ఆయన కొత్త చొక్కా వేసుకుని చెప్పిపోవడానికి వచ్చాడు. గోడమీది చార్టును ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసి, నా వైపు తిరిగాడు.

"గిన్నేండ్ల సంది లేనిది, ఈసారే గిట్లెందుకు మార్చిన్రు మేడం?"

"గదే సరైన లెక్క" అన్నాను.

"గంతేనా?"

"గంతే."

ఆయన ఇంకాసేపు నిలబడ్డాడు. ఆ కాసేపట్లో నేను నోరు విప్పి ఉంటే నా బతుకు వేరేగా ఉండేదేమో. నేను టైపు మిషన్‌లో కాగితం సర్దుకున్నాను. "సరే మరి, పోయొస్త" అని వెళ్లిపోయాడు.

మరుసటి మార్చిలో మేనేజరుగారు మళ్లీ శాతాల చార్టే వేయమన్నారు. విజయవాడ అంకెలు ఇంకా రాలేదు. ఆ ఆదివారం చర్చిలో మోకాళ్ల మీద కూర్చుని, విజయవాడ ఆఖరున పడాలని, ఆయన్ని అక్కణ్ణుంచి మళ్లీ ఇటు తరిమేయాలని, సిగ్గులేకుండా ప్రార్థన చేశాను. సోమవారం అంకెలు వచ్చాయి. అన్నిటికంటే పొడుగైన పట్టీ ఆయనదే. నేనే కత్తిరించి, నేనే జిగురు పూసి, మొదట అంటించాను.