వికెట్ల వెనక తెలుగు

ఆదివారం పొద్దున్న ఢిల్లీ పక్కన ఇందిరాపురంలోని మా అపార్ట్‌మెంటు లిఫ్టులో ఎవరి పిల్లాడో క్రికెట్ కిట్టు భుజాన వేసుకుని ఎక్కాడంటే చాలు, చెమటలో నాని, ఎండీ ఎండకుండానే సంచిలో కుక్కేసిన గ్లవ్స్ వాసన గుప్పుమంటుంది. తోటివాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

అప్పట్లో మేము ఢిల్లీ మునిర్కాలో, ఎదురింటి బాల్కనీ చేతికందేంత ఇరుకు సందులో, రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మాది కాకినాడ వైపు. అమ్మ ఢిల్లీ ఆస్పత్రిలో నర్సు. దీపావళి టపాసుల పొగ పూర్తిగా పోకముందే మా స్కూలు క్రికెట్ సీజన్ మొదలయ్యేది. పొగమంచుకి అవతలి వికెట్లు కూడా కనబడక అంపైర్ ఎండ కోసం ఎదురుచూస్తుంటే, మేము తడి గడ్డి మీద గోనెపట్టాలు పరుచుకుని, బండి వాడి దగ్గర కొన్న వేడి వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ, మధ్యమధ్యలో చేతులు చంకల్లో పెట్టుకుని వణుకుతూ కూచునేవాళ్ళం. క్రిస్మస్ నెల వచ్చిందంటే అమ్మ డ్యూటీ దిగి వచ్చి, యూనిఫాం మార్చుకుని, మూకుడు ముందు కూచుని, అచ్చుని పిండిలో ముంచి నూనెలో దులుపుతూ గులాబీ పువ్వులు వేసేది, అరిసెలు వత్తేది, పెద్ద స్టీలు డబ్బా నిండా మా టీముకి పంపేది. పంజాబీ పిల్లలు అరిసెను అటూ ఇటూ తిప్పి ఇదేం బిస్కెట్టని అడుగుతూనే రెండోది లాక్కునేవాళ్ళు. మా కోచ్ సార్ అందరికంటే ఎక్కువ తినేవాడు. అది కూడా నేను మర్చిపోలేదు.

నేను వికెట్ కీపర్ని. స్పిన్ వేసేది మల్లేశ్, కరీంనగర్ వాళ్ళబ్బాయి. వాళ్ళ నాన్నకి బదిలీ అయితే ఢిల్లీ వచ్చారు. ఆ ఏడు మొదటి మ్యాచ్‌కి ముందు కోచ్ సారే మా ఇద్దరినీ పక్కకి పిలిచి, మైదానంలో మీ భాషలోనే మాట్లాడుకోండి, అవతలి వాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు అని చెప్పాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు. క్లాసులో తెలుగు ముక్క నోట్లోంచి వస్తే మద్రాసీ అని వెక్కిరించే చోట, ఒక పెద్దమనిషి మమ్మల్ని తెలుగు మాట్లాడమని అడగడం మాకు పండగలా ఉండేది. బ్యాట్స్‌మన్ కాళ్ళు చూసి నేను వెనకనుంచి, "ఈడు ముందుకొచ్చేత్తన్నాడ్రా, కాస్త పొట్టిగా ఎయ్" అనేవాణ్ణి. వాడు "గట్లనే తియ్" అని వేసేవాడు. బ్యాట్స్‌మన్ ముందుకు దూకి బంతి అందుకోలేకపోతే నేను బెయిల్స్ లేపేసేవాణ్ణి. అలా గెలుచుకుంటూ సెమీఫైనల్ దాకా వెళ్ళాం.

ఆ మ్యాచ్ గురుగ్రామ్‌లో, అవతలి టీము సొంత స్కూలు మైదానంలో జరిగింది. వాళ్ళ కెప్టెన్ మల్లేశ్ బంతిని ఎంతకీ ఆడలేకపోయాడు. చివరికి ఉక్రోషంతో అంపైర్ దగ్గరికి వెళ్ళి, మేము వాణ్ణి మా భాషలో బూతులు తిడుతున్నామని చెప్పాడు. అంపైర్ వాళ్ళ స్కూలు డ్రిల్లు మాస్టారే. ఆట ఆపి మా సార్‌ని పిలిచాడు. సార్ వచ్చి, మా మొహం చూడకుండా, "మైనే తో మనా కియా థా" అన్నాడు. తను వద్దనే చెప్పాడట!

అమ్మ ఆ రోజు సెలవు పెట్టి, చీర మీద స్వెట్టర్ వేసుకుని, మా ఆట చూడటానికి వచ్చింది. గొడవ చూసి గబగబా లోపలికి నడిచింది. ఆస్పత్రి వార్డులో ఇద్దరు తెలుగు నర్సులు మంచం పక్కన ఒక మాట అనుకుంటే, రోగి తాలూకు వాళ్ళు తమనే తిడుతున్నారని గొడవపెట్టేవాళ్ళు. వెంటనే సారీ అనేస్తే అక్కడితో పోయేది. అన్నేళ్ళ ఉద్యోగంలో అమ్మ నేర్చుకున్నది అది.

"సారీ చెప్పేయండి నాన్నా. ఆళ్ళకి అర్థం కాపోతే తిట్టామనే అనుకుంటారు" అంది.

"మేం తిట్టలే ఆంటీ" అన్నాడు మల్లేశ్.

"తెలుసు నాన్నా. అయినా చెప్పెయ్."

ఆమె మాట తీసెయ్యలేక ఇద్దరం చెప్పాం. అంతే, అంపైర్ మా సార్ వైపు తిరిగి, చూశారుగా, తిట్టినట్టు వాళ్ళే ఒప్పుకున్నారు అన్నాడు. సార్ మల్లేశ్ చేతిలోంచి బంతి లాక్కున్నాడు, నా చేత గ్లవ్స్ విప్పించాడు, బెంచీ మీద పిల్లల్ని మా బదులు ఫీల్డింగ్‌కి దింపాడు. మ్యాచ్ ఓడిపోయాం. సోమవారం ప్రార్థన దగ్గర స్కూల్లో అందరి ముందు మా ఇద్దరినీ నిలబెట్టి, బూతులు మాట్లాడి స్కూలు పరువు తీశారని, ఇక టీములో ఉండరని చదివారు. సార్ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అమ్మ మర్నాడు డ్యూటీ బట్టల్లోనే స్కూలుకొచ్చి, సారీ చెప్పించింది నేనేనని, పిల్లలు ఏమీ అనలేదని బతిమాలింది. అయిపోయిందాన్ని తవ్వొద్దన్నాడు మా సార్, ఆ పెద్దమనిషి. మల్లేశ్ ఇక బంతి ముట్టుకోలేదు. వాడిలా బంతి తిప్పేవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. అమ్మ వార్డులో తెలుగు మాట్లాడటమే మానేసింది. అమ్మ మీద నా కోపం ఆ చలికాలంతోనే పోయింది. సార్ మీద పోలేదు. సిగ్గులేని మనిషి.

ఇప్పుడు మా స్కూలు మైదానంలో సగం బస్సులు నిలుపుతున్నారు, మిగతా సగం నెట్లు కట్టి గంటల లెక్కన అద్దెకిస్తున్నారు. చలికాలం పొగకి ఆటలు రద్దయిపోతున్నాయి. తడి గడ్డి మీద వేరుశెనక్కాయలు ఒలిచేవాళ్ళు లేరు. మల్లేశ్ నోయిడాలోనే ఉంటాడు. ఫోన్ చేసి నేను తెలుగులో పలకరిస్తే, "హా యార్, సబ్ ఠీక్" అని హిందీలోనే అంటాడు.

పోయిన శనివారం మా అమ్మాయి స్కూలు మ్యాచ్ చూడటానికి వెళ్ళాను. అది బౌండరీకి బాగా ముందు నిలబడి ఉంటే, వెనక్కి జరుగు తల్లీ అని కేకేశాను. ఓవర్ అయ్యాక పరిగెత్తుకొచ్చి, చుట్టూ చూసి, మెల్లిగా, "పాపా, యహా తెలుగు మత్ బోలియే. సబ్ దేఖ్ రహే హై" అంది. ఇక్కడ తెలుగు మాట్లాడొద్దట, అందరూ చూస్తున్నారట! దానికి నేను ఈ సంగతులేవీ ఎప్పుడూ చెప్పలేదు. మరి ఎవరు నేర్పారు? అది తన చోటికి వెళ్ళాక, మైదానమంతా వినబడేలా, మళ్ళీ తెలుగులోనే అరిచాను. విన్నది. వెనక్కి మాత్రం జరగలేదు.